అక్క విన్నది, నేను రాసింది

పోయిన వారం నాకొక ఫోను వచ్చింది. ఆదోనిలో ఒకప్పుడు నాలుగు పేజీల వారపత్రిక నడిపిన పెద్దాయన కొడుకు చేశాడు. పెద్దాయన పోయి చాలా కాలమైంది, పత్రిక ఆయనకన్నా ముందే పోయింది. కొడుకు ఇప్పుడు అదే పేరుతో ఫోనులో చదువుకునే పత్రిక మొదలుపెట్టాడట. "అంకుల్, అంతరిక్షం మీద కొత్త సీరీస్ వచ్చిండాది, సూసినారా? అందరూ దాని మ్యూజిక్ గురించే మాట్లాడుకుంటాండారు. మా నాయన ఉన్నన్ని దినాలూ మీ 'తొలి వినికిడి' శీర్షిక గురించి సెప్తానే ఉండె. ఒక్కసారి మళ్ళీ రాయండి" అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. అరవై ఏడేళ్ళ వాడిని, భార్య పోయి నాలుగేళ్ళయింది, ఇంట్లో కుక్కరు, టీవీ తప్ప చప్పుడు చేసేది ఇంకేదీ లేదు. నా రాతను ఒకరు గుర్తుపెట్టుకున్నారనేసరికి ఒప్పేసుకున్నాను.

పై వాటాలో అద్దెకుండే బ్యాంకు ఉద్యోగి వచ్చి సీరీస్ పెట్టిచ్చి పోయాడు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని మూడు భాగాలు వరుసగా చూశాను. కుజగ్రహం మీద నేల కింద కట్టుకున్న ఊరు, అక్కడ నీళ్ళకు వంతులు, వంతు దాటిపోయిన మనిషి ఖాళీ డబ్బాతో నిలబడటం చూసి మన ఊరి కుళాయి గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుకున్నాను. అవన్నీ రాశాను. అంత దూరం పోయిన వాళ్ళు కూడా కోస్తా జిల్లాల తెలుగే మాట్లాడుతున్నారని ఒక చురక కూడా వేశాను. సంగీతం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే ఆ సంగీతాన్ని నాలుగుసార్లు విన్నాను. 'గంభీరంగా ఉంది' అని రాసి కొట్టేశాను. 'మనసును కదిలించింది' అని రాసి, అది అబద్ధం కాబట్టి దాన్నీ కొట్టేశాను. పెన్ను ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఆ శీర్షికను ఆ రోజుల్లో చదివిన వాళ్ళు ఇంకా కొందరైనా మిగిలి ఉంటారు, వాళ్ళకు చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది.

మాది ఎమ్మిగనూరులో చేనేత కుటుంబం. నా చేతిలో పోగు నిలిచేది కాదు, పేక బిగువు తప్పేది, మా నాయన విసుక్కుని నన్ను చదువుకు తోశాడు. ఆ చదువుతో ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తానయ్యాను. పెళ్ళి కాని ఆ రోజుల్లో ప్రతి ఆదివారం పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని ఎమ్మిగనూరులో మా అక్క ఇంటికి పోయేవాడిని. అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది, అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. బావది గుంట మగ్గం. పేరుకు బావ నేసేవాడు గానీ, పడుగులు తీయడానికి, నూలు తేవడానికి ఆయన బయట తిరిగే వేళల్లో మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చునేది మా అక్కే. నేసే వాళ్ళకు కంటికన్నా చెవి ముందు పనిచేస్తుంది. పేక పోగును మోసే నాడె అటూ ఇటూ పోయే చప్పుడులో రవ్వంత తేడా వస్తే చాలు, పోగు తెగిందని తలెత్తకుండానే చెయ్యి అక్కడికి పోతుంది. మా అక్క చెవి అటువంటిది.

వాళ్ళ పక్కింట్లో నూలు వ్యాపారి ఉండేవాడు. ఆ వీధికి మొదటి టీవీ ఆయనదే. ఒక ఆదివారం నుంచి పొద్దున పూట ఢిల్లీ ప్రసారంలో అంతరిక్షం కథ ఒకటి మొదలైంది. భూమిని విడిచి పోయిన ఓడ, అందులో ఏడుగురు మనుషులు, తిరిగి వస్తారో రారో తెలియదు. అటువంటి కథను అంతకు ముందు మనం తెరమీద చూసి ఎరగం. వ్యాపారి ఇంటి పడసాలలో చాపలు పరిచి వీధి వీధంతా కూర్చునేది. ఆదోనిలో ఉర్దూ మాట్లాడే మిత్రుల వల్ల నాకు హిందీ వచ్చు గనుక, కథ చెప్పే పని నాకు పడింది, ఆ పెద్దరికం నాకు బాగా నచ్చింది కూడా. అక్క మాత్రం వచ్చేది కాదు. మగ్గం మీద పని ఉండేది, పైగా ఆ భాష ఆమెకు రాదు. రెండు మట్టి మిద్దెలకూ మధ్య ఒకటే గోడ, వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాక్షిలోంచి టీవీ చప్పుడు అటు దిగేది. సంగీతం మొదలు కాగానే గోడ అవతల మగ్గం ఆగిపోయేది, సంగీతం అయిపోగానే మళ్ళీ కదిలేది.

మొదటి భాగం చూసి వచ్చిన రోజు నేను కథ మొదలుపెట్టక ముందే, అక్క నూలు కండెలు చుట్టుకుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది. "పాడేటోడైనా, ఊదేటోడైనా మధ్యలో ఊపిరి తీసుకోవల్ల గదప్పా. దీనికి ఊపిరే ల్యాదు. అంతసేపు ఇంటాంటే నాకే ఎగబోసినట్లాయ. వాళ్ళుండే కాడ గాలి ల్యాదేమో."

బొమ్మ చూడలేదు, కథ తెలియదు, వాళ్ళు పోయింది ఆకాశంలోకని కూడా నేనింకా చెప్పలేదు.

ఆ వారమే ఆదోని పత్రిక పెద్దాయన కొత్త సీరియలు మీద నాలుగు ముక్కలు రాసిమ్మన్నాడు. మిల్లులో కూర్చుని రాశాను. శూన్యంలో గాలి ఉండదు గనుక, దాన్ని చూపించే సంగీతంలోనూ ఊపిరి లేకుండా చేశారని, యంత్రంతో వాయించిన ఆ స్వరం ఎక్కడా ఆగకపోవడంలోనే వినేవాడి భయం ఉందని రాశాను. మాటలకు ఇస్త్రీ నాది, మాట అక్కది. పత్రిక వచ్చిన రోజు మా మిల్లు మేనేజరు దాన్ని బయటికి చదివి, ఇంతమందిమి చూశాం, ఒక్కరికీ తట్టలేదే అన్నాడు. తల వంచుకున్నాను. అది వినయమనుకున్నారు.

అప్పటి నుంచి అది నా శీర్షిక అయింది. ప్రతి ఆదివారం అక్క అన్నది సోమవారం రాసేవాడిని. ఒకసారి సంగీతం నడుమ చటుక్కున నిశ్శబ్దం వచ్చి మళ్ళీ మొదలైతే, "పోగు తెగింది, ముడేసినారు, ముడి తెలుస్తాండాది, తెలియాలనే అట్ల ఏసినారు" అంది. ఓడలో ఒక మనిషి చనిపోయిన భాగం అది. ఆ పోలిక రాసినప్పుడు, నేతపని వాళ్ళ కొడుకు గనుక ఇతనికి ఇటువంటివి తడతాయని ఆదోనిలో మెచ్చుకున్నారు. కౌతాళం నుంచి ఒక మాస్టారు ఉత్తరం రాశాడు. నా పెళ్ళిచూపుల్లో మామగారు ఆ శీర్షిక సంగతి ఎత్తి, మా పిల్లకు కూడా పాటలంటే ఇష్టమని చెప్పాడు.

అక్కకు తెలియదనుకున్నాను. ఒక ఆదివారం బావ ఎక్కడినుంచో ఆ పత్రిక సంపాదించి, మగ్గం పక్కన నిలబడి గట్టిగా చదివాడు. "సూడు, మీ తమ్ముడు ఎట్ల రాసినాడో. నువ్వుండావు, మగ్గం నిలబెట్టి గోడకు సెవి పెట్టేది తప్ప ఏమన్నా వస్తాదా నీకు" అని వేళాకోళం చేశాడు. తన మాటలను తన మొగుడి నోట, తమ్ముడి తెలివిగా మా అక్క విన్నది. నవ్వింది. బావ బయటికి పోయాక, నూలు చిక్కు విప్పుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"అప్పా, అది నేనన్న మాట గదా. మా అక్క సెప్పింది అని ఒక ముక్క ఏసింటే ఏమయ్యేది?"

నేను సిగ్గుపడి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. నాకు కోపం వచ్చింది. నేత ఇళ్ళలో ఎవరు నేసినా గుడ్డ చేనేత సహకార సంఘానికి పోయేది ఇంటి మగవాడి పేరు మీదే, కార్డు ఆయనది, ముద్ర ఆయనది, ఆడవాళ్ళు చుట్టిందీ నేసిందీ అందులోనే కలిసిపోతుంది. అది తప్పని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోలేదు. దాన్నే ఆమె ముందు పెట్టాను. "నువ్వు నేసిన గుడ్డ బావ పేరు మీద పోతాండ్ల్యా? అప్పుడు అడిగినావా? ఇదీ అంతే" అన్నాను.

అక్క చిక్కు మీదనుంచి కళ్ళు ఎత్తలేదు. "గుడ్డ మీద ఎవురి పేరూ ఉండదప్పా. కట్టుకునేటోళ్ళకు ఎవురు నేసిందీ తెల్దు. పేపర్లో నీ పేరుండాది" అంది.

తరువాతి ఆదివారం వ్యాపారి పడసాలలో సంగీతం మొదలైంది. గోడ అవతల మగ్గం ఆగలేదు. టక్ టక్ మని సంగీతం మీదుగా ఆడుతూనే ఉంది. చాపల మీద కూర్చున్న వాళ్ళు కూడా అటు చూశారు. అయిపోయాక పోయి, ఎట్లుండె అక్కా అని అడిగితే, "ఇనలేదప్పా, పని ఉండాది" అంది. ఆ తరువాతి వారమూ అంతే. నేను గంభీరం, మనోహరం, అద్భుతం అని మూడు మాటలను అటూ ఇటూ తిప్పి నాలుగైదు వారాలు నెట్టుకొచ్చాను. పత్రిక పెద్దాయన ఒకరోజు నా కాగితం చూసి, ఒంట్లో బాగలేదా నాయనా అన్నాడు. మిల్లులో పని ఎక్కువైందని చెప్పి మానుకున్నాను. ఎమ్మిగనూరు పోవడం కూడా అట్లాగే తగ్గించాను. నెలకొకసారి అయింది, తరువాత పండగలకు, తరువాత పెళ్ళిళ్ళకు, చావులకు.

నా భార్యకు ఈ సంగతి చెప్పలేదు. ఆమెకు సంగీతమంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో రేడియోలో మంచి పాట వస్తే తిరగలి ఆపి నా మొహం చూసేది, నేనేమంటానో అని. ఏమన్నా అంటే నా లోపల ఏమీ లేదని తెలిసిపోతుందనే భయంతో పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడిని. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. ఆ శీర్షికల కాగితాలు కత్తిరించి పెట్టెలో దాచుకుందని ఆమె పోయాక తెలిసింది. ఇంత బాగా రాసినవాడు నాతో ఎందుకు మాట్లాడడు అని ఎన్ని ఏళ్ళు అనుకుందో.

పెన్ను ఆగిన మరుసటి రోజు ఎమ్మిగనూరు పోయాను. బావ పోయి పదేళ్ళు, అక్క ఆ ఇంట్లోనే తన కొడుకు దగ్గర ఉంది. మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు, ఇప్పుడు అక్కడ మోటారు సైకిలు నిలబెడతారు. నన్ను చూసి ఏమైనా చెడ్డ కబురా అన్నట్టు గాభరాగా లేచింది. ఏమీ లేదని కూర్చోబెట్టి, ముప్పై ఏళ్ళకు పైగా నోట్లో పెట్టుకుని తిరిగిన మాట చెప్పాను. ఆ రాసినవన్నీ నీ మాటలే అక్కా, ఈసారి నీ పేరు వేసి రాస్తాను, అన్నాను.

"ఏ మాటలప్పా?" అంది.

ఊపిరి లేని పాట, ముడి వేసిన పోగు, ఒక్కొక్కటే చెప్పాను. చిన్నపిల్ల కథ విన్నట్టు విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనా? నేనట్ల అంటినా? నాకేం తెలుసప్పా అవన్నీ. నువ్వే రాసింటావులే, సదువుకున్నోనివి." పేరు వేయమని అడిగిన సంగతి గుర్తు చేశాను. తల అడ్డంగా ఊపింది. మగ్గం ఆపని ఆదివారాల గురించి అడిగాను. "పెండ్లిండ్ల కాలమేమో, గుడ్డ ఎక్కువ అడిగింటారు" అంది. నిజంగా మరిచిందో, నన్ను వదిలేయడానికి అట్లా అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తరువాత ఆమే అంది. "నువ్వు ఆదివారం రాకుండా నిలిచిపోతివి సూడు, అది గుర్తుండాది. ఉగ్గాని చేసి మూతపెట్టి సూస్తాంటి. మీ బావ, వాడు పెద్దోడైనాడు, యాడొస్తాడు, తిను అంటుండె. నేనేమన్నా అనింటినేమో అని శానా దినాలు అనుకుంటి."

నేను దొంగిలించాననుకున్నది ఒకటి, ఆమె పోగొట్టుకున్నది మరొకటి. నా తప్పుకు నేను వేసుకున్న శిక్ష కూడా ఆమే అనుభవించిందని అప్పటివరకు నాకు తట్టలేదు.

ఫోనులో ఆ కొత్త సంగీతం పెట్టి ఆమె చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. ఏదో అంటుందని ఎదురుచూశాను. ఫోను నా చేతిలో పెట్టి, "బాగుండాది. నీకెట్లుండె?" అని అడిగింది. ఫోను జేబులో పెట్టుకున్నాను. పేరు సంగతి మళ్ళీ ఎత్తితే, "ఏసుకుంటే ఏసుకో, ఇప్పుడెవురు సదువుతారు" అని లోపలికి పోయి అన్నం గిన్నె దించింది.

చదివేవాళ్ళు ఉన్నారో లేరో గానీ రాస్తున్నాను. ఆ రోజుల్లో మీరు మెచ్చుకున్న మాటలు చెప్పిన మనిషి పేరు శంకరమ్మ, ఎమ్మిగనూరు నేతగత్తె. ఇప్పుడు బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రెండు పాటలు వింటారు, ఏది ఎట్లా ఉందో ఒకరినొకరు అడగరు, అడిగే పని లేదు. అప్పట్లో ఒక వీధంతా ఒకే సంగీతం వింటే, అందులో నిజంగా విన్న మనిషి ఒకతె ఉండేది, ఆమె చెప్తే వినే తమ్ముడొకడు ఉండేవాడు. ఆ సుఖం ఎంతటిదో తెలియక దాన్ని అచ్చు వేయించుకుని పొగడ్తలకు మార్చుకున్నాను. పత్రిక అడిగిన తొలి వినికిడి ఇది: కుజగ్రహం సీరీస్ సంగీతం అయిదుసార్లు విన్నాను, నాకేమీ తెలియలేదు. ఈ ఒక్క మాటే నాది.