బర్రె పళ్లు కొరికిన మధ్యాహ్నం

ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. తేలిందల్లా నాకు నోరుందని. ఆ నోటితోనే ఆర్మూరు మార్కెట్లో హమాలీలను నవ్వించాను, బస్టాండులో కండక్టర్లను నవ్వించాను, చివరికి పశువుల దవాఖానలో పని కూడా సంపాదించాను. "బెదిరిన పశువు పక్కన ఎవరో ఒకరు వాగుతూ ఉండాలి, నువ్వు సరిపోతావు" అని మేడం నన్ను పెట్టుకుంది.

మేడం పశువుల డాక్టరు. మార్కెట్ వెనక ఒక పాత పసుపు గోదాము కిరాయికి తీసుకుని సొంతంగా దవాఖాన పెట్టింది. ఎంత కడిగినా ఆ గచ్చు పచ్చగానే ఉండేది. తెల్లకోడె దాని మీద పడుకుని లేస్తే పెళ్లికొడుకై లేచేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా చేతుల్లోకి వస్తున్న రోజులవి.

ఆ రోజుల్లోనే మేడం ఒక సర్టిఫికెట్ కోసం తయారవుతోంది. పశువుల నొప్పి తగ్గించడం తెలిసిన డాక్టరని ఇచ్చే సర్టిఫికెట్. దానికి హాల్లో కూర్చుని రాసే పరీక్ష లేదు. తాను వైద్యం చేసిన ఆరు పశువుల కథలు మొదటి నుంచి చివరిదాకా రాసి పంపాలి. నొప్పి ఎక్కడ, ఎంత, ఏ మందు వేశారు, ఎంత తగ్గింది. పశువు నోరు తెరిచి చెప్పదు కాబట్టి చూసి రాయడానికి ఒక మనిషి కావాలి. పూటపూటకూ దాని చెవులు, కళ్లు, మేత, నిలబడే తీరు, నెమరు చూసి నోటుబుక్కులో రాయడం నా పని. ఐదు కథలు పూర్తయ్యాయి. ఆరోది ఒక బర్రె.

బాల్కొండ వైపు నుంచి బీడీలు చుట్టే ఒక అక్క దాన్ని ట్రాలీలో తెచ్చింది. మగడు దుబాయిలో ఉన్నాడు. పొలం దగ్గర పసుపు ఉడకబెడుతుంటే బర్రె తాడు తెంపుకుని పోయి కొప్పెరకు తగిలింది. మరిగే నీళ్లు డొక్క మీదా పొదుగు మీదా పడ్డాయి. ఆమె దిక్కుతోచక కాలిన చోటంతా మళ్లీ పసుపే పూసి తెచ్చింది.

"బతుకుతదా అమ్మా?" అని అడిగింది.

"చెప్పలేను. నొప్పి మాత్రం తగ్గిస్తాను" అంది మేడం. ఆ దవాఖానలో ఆ అక్కకు మేం ఇచ్చిన మాట అదొక్కటే.

మూడోనాడు మెండోరలో ఒక ఆవుకు కాన్పు కష్టమైందని మేడం పోవాల్సి వచ్చింది. పోతూ నాకు చెప్పింది: "పన్నెండింటికి చూడు. నెమరు వేస్తుంటే నొప్పి తగ్గినట్టు, సూది సాయంత్రం దాకా ఆపుదాం. మేత లేని కడుపుకు ఆ మందు ఎక్కువైతే పేగులు పాడవుతాయి. నెమరు లేకపోతే మాత్రం వెంటనే వెయ్యి."

పన్నెండింటికి నేను దవాఖాన ముందర చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాను. చుట్టూ ఏడెనిమిది మంది హమాలీలు. మా మేనమామ సెల్‌ఫోన్ కొని, సిగ్నల్ కోసం గడ్డివాము ఎక్కిన కథ చెబుతున్నాను. మామ పైకి ఎక్కాడు. దిగడం ఒక్కటే మిగిలింది. అసలు నవ్వంతా ఆ దిగడంలోనే ఉంది.

అప్పుడే అక్క బయటికి వచ్చింది.

"తమ్మీ, జర వచ్చి చూడు. దవడ ఊకె ఆడిస్తుంది. కరకర అంటుంది."

"దవడ ఆడిస్తే మంచిదే గదక్కా, నెమరేస్తుంది. పెండ్లికొచ్చిన వియ్యపురాలు పాన్ నమిలినట్టు నములుతుంది, నమలనియ్యి."

హమాలీలు ఘొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"గట్ల లేదు తమ్మీ..."

"అక్కా, బీడీల సంగతి నీకెర్క, బర్రెల సంగతి నాకెర్క. పో, ఫికర్ చెయ్యకు."

ఆమె లోపలికి పోయింది. నేను మోకాలి మీదున్న నోటుబుక్కులో 'నెమరు ఉంది' అని రాసి, మామను గడ్డివాము మీంచి దించాను.

కాసేపటికి మేడం ఫోన్ చేసింది. "చూశావా?"

"చూసిన మేడం. మస్తుగ నెమరేస్తుంది."

"అయితే సూది ఆపు."

సాయంత్రం ఐదింటికి మేడం వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. బ్యాగు కింద పెట్టి, నన్ను పిలిచి, "దవడకు చెవి పెట్టు" అంది. పెట్టాను. నెమరు వేసే బర్రె నమిలి మింగుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ గొంతులోంచి ముద్ద పైకి వస్తుంది. ఇందులో మింగడం లేదు, ఆగడం లేదు. రాతి మీద రాయి రుద్దినట్టు ఒకటే చప్పుడు.

"ఇది నెమరు కాదయ్యా. నొప్పికి పళ్లు కొరుకుతోంది. ఎప్పటి నుంచో."

అక్క మూలన కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు. చేతులు కదలడం లేదు.

సూది వేశాక అరగంటకు చప్పుడు ఆగింది. రెండు రోజులకు బర్రె పోయింది.

"ఆ పూట సూది వేసినా బతికేది కాదు, కాలినగాయం లోపలి దాకా పోయింది" అని మేడం నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పే నాకు దిగలేదు. బతికించడం మా చేతిలో లేదు. మా చేతిలో ఉన్నది ఆ ఒక్క పూట నొప్పి. దాన్ని నేను గడ్డివాము కింద పెట్టి మామను దించుకున్నాను.

మా ఊళ్లో సీజనంతా పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములు తిరుగుతుంటాయి. కొమ్ముకు కొమ్ము రాసుకుని కరకర. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడే. ఆ తర్వాత అది వినబడితే చాలు, పట్టపగలు పదిమంది మధ్యలో నా మాట తెగిపోయేది. "ఏమైందిర, మరిసినవా?" అని హమాలీలు అడిగేవాళ్లు. మరిచిపోయి ఉంటే బాగుండేది.

నెల తర్వాత మేడం కంప్యూటరు ముందు కూర్చుని ఆరో కథ రాసింది. ఇంగ్లీషులో రాసి, నోటుబుక్కుతో సరిపోయిందో లేదో చూడమని నాకు తెలుగులో చెప్పింది. చివర్లో ఒక ప్రశ్న ఉంది: ఈ పశువు మళ్లీ వస్తే మీరు ఏం మారుస్తారు? దానికి ఆమె ఇలా రాసింది: 'సహాయకుడు పశువును చూశాడు. నెమరుకూ పళ్లు కొరకడానికీ తేడా నేను అతనికి నేర్పలేదు. తప్పు నాది.'

అది ఆ మర్నాడు పోస్టులో పోవాలి. నేను ఊరుకుంటే అలాగే పోతుంది.

"మేడం, గా మాట తీసెయ్యుండ్రి."

"ఏ మాట?"

"చూసిండన్నది. నేను లోపలికే పోలే. చాయ్ బండి కాడనే రాసిన. అక్క పిలిచినా లేవలే."

తిడుతుందనుకున్నాను. తిడితే జవాబుగా ఏదో ఒకటి అని నవ్వించే అలవాటు నాకుంది, అప్పటికే నాలుక మీద ఒకటి తయారైంది కూడా. ఆమె తిట్టలేదు.

"బండి నుంచి బర్రె దగ్గరికి ఎన్ని అడుగులు?"

పోయి లెక్కపెట్టి వచ్చాను. పద్నాలుగు.

'తప్పు నాది' అన్నది అలాగే ఉంచింది. దాని పైన నేను లేవలేదని రాసింది, పద్నాలుగు అడుగులూ రాసింది. సర్టిఫికెట్ వచ్చింది. గోడకు మేకు కొట్టి తగిలించింది నేనే.

మరుసటి సీజన్లో ఆ అక్క ఇంకా ఈనని ఒక బర్రె పడ్డను తోలుకుని వచ్చింది, మేత సరిగా తినడం లేదని. నేను చాయ్ బండి బల్ల మీద ఉన్నాను.

"అక్కా, గా దినం నేను..."

"ఎర్కే తమ్మీ. లోపలున్నది నేనే గద. నువ్వు రాలె."

"మరి మేడంకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వే చెప్తవనుకున్న" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, "జర దీన్ని చూడు తమ్మీ" అంది.

లేచాను. దాని దవడకు చెవి పెట్టాను. నమిలింది, మింగింది, ఆగింది. అది ఆగినంతసేపు నాకు బయట తిరుగుతున్న డ్రమ్ము వినబడుతూనే ఉంది.