పగిలినవి చూపించన్నా

ఊరూరా తిరిగి గాజులమ్మే మా అక్క దాదాబీ సరుకు కొనే తీరు అనంతపురం బజారులో ఏ దుకాణదారుకూ నచ్చేది కాదు. తళతళలాడే సరుకు ముందు పరిచినా దాని జోలికి పోయేది కాదు. "పగిలినవి చూపించన్నా" అనేది. ఆ ముక్కలను వెలుతురుకు పట్టి చూసేది. దారిలో దెబ్బ తగిలి విరిగాయా, కాల్చడంలోనే పగులు పడిందా అని తేల్చుకున్నాకే బేరం.

పందొమ్మిదివందల అరవైమూడు ఎండాకాలంలో ఆ చేతులు మొరాయించాయి. కంబదూరులో ఒక చూలాలికి తొడుగుతుంటే గాజులు వరసగా చిట్లిపోయాయి. వేళ్ళకు స్పర్శ తెలియడం లేదని అక్కకు అర్థమైంది. ఆ పిల్ల అత్త నల్లమ్మ మాత్రం అక్క చెయ్యి మంచిది కాదని, మళ్ళీ తమ గడప తొక్కవద్దని చెప్పి పంపేసింది. ఆ మాట పక్క ఊళ్ళకు అక్క కంటే ముందే చేరింది. కొన్నాళ్ళకు నడక తూలసాగింది. తల వంచితే మెడ నుంచి వీపులోకి జిల్లుమనేది. గాజుల గంప తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి మద్రాసులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

మెడలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కుతోందని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ రెండు విధాలు. మెడ వెనక నుంచి ఎముక తీసేయడం పాత పద్ధతి. కాళ్ళు ఇంకా చెడకుండా ఆగవచ్చు, చేతులు మాత్రం ఇంతే ఉండిపోవచ్చు. గొంతు పక్క నుంచి లోపలికి పోయి, నొక్కుతున్నదాన్నే తీసి, తుంటి ఎముక ముక్క అతికించడం కొత్తది. చేతులు తిరిగి రావచ్చు, గొంతు పోవచ్చు, అసలు మంచం మీంచి లేవకపోనూ వచ్చు. కొత్త పద్ధతిలో తాను చేసినవి చాలా తక్కువని, వాటిని బట్టి ఏదీ గట్టిగా చెప్పలేనని దాచకుండా అన్నాడు.

నాకు వెనక దారే మేలనిపించింది. మనిషి మిగిలితే చాలు.

వరండాలో ఇద్దరు రోగులను చూపించారు. వెనక నుంచి చేయించుకున్నాయన బాగానే నడుస్తున్నాడు, చొక్కా గుండీ మాత్రం పెట్టుకోలేడు. ముందు నుంచి చేయించుకున్నామె జడ అల్లుకుంటూ కూర్చుంది. అక్క ఇద్దరినీ చూసింది. తర్వాత డాక్టరును అడిగింది.

"కొత్త దాంట్లో చేయించుకుని లేవనోడు యాడుండాడు సార్?"

డాక్టరు తానే వెంట వచ్చి చివరి మంచం చూపించాడు.

ధర్మవరం దగ్గర బావులు తవ్వే మనిషి, కుళ్ళాయప్ప. మెడ కింద ఏమీ కదలడం లేదు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. అక్క మంచం పట్టె మీద కూర్చుని, ఊరూ పేరూ అడిగి, తర్వాత అసలు మాట అడిగింది.

"ఈడికి నడిచి వచ్చినావా అన్నా?"

"యాడ నడిచేదమ్మా. మోసుకొచ్చినారు. రెండేండ్లు దేవర్లనీ, తాయెత్తులనీ తిరిగినాను. కాళ్ళు పడిపోయినంక తెచ్చినారు." అక్కను కింద నుంచి పైకి చూశాడు. "నువ్వు నడిచే వచ్చినావు కదా?"

"వచ్చినా అన్నా."

"మరి ఈడ కూచున్యావేమి? పో."

మెట్ల దగ్గర అక్క తన నిర్ణయం చెప్పింది. ఆపరేషన్ మెడ ముందు నుంచే. నేను కోప్పడ్డాను. అతను ఆలస్యంగా వచ్చినందుకే చెడిందని ఎవరు చెప్పగలరు? డాక్టరు కూడా ఆలస్యం ఒక కారణం కావచ్చన్నాడే గానీ, అదొక్కటే అనలేదు. అక్క వినిపించుకోలేదు.

అక్కను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయిన రోజు నేను ఆ వరండాలో కూర్చోలేకపోయాను. గుండీ పెట్టుకోలేనాయన కనిపించినప్పుడల్లా మా అక్క అట్లా ఉన్నా చాలునని ఏడుపొచ్చేది.

మెలకువ వచ్చాక ఆమె కాళ్ళు కదిలాయి. గొంతు మాత్రం గాలిలా వచ్చింది. వారం గడిచాక నా చెయ్యి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, గాజుల కొలతకు నొక్కినట్టు కణుపులు నొక్కింది.

"తెలుస్తాంది. నాయన చెయ్యే నీది" అంది.

నడవగలిగిన రోజు మొదట చివరి మంచం దగ్గరికి పోయింది. అందులో వేరే మనిషి ఉన్నాడు. కుళ్ళాయప్పను వాళ్ళవాళ్ళు ఇంటికి తీసుకుపోయారట.

గొంతు ఆ గాలి గుసగుసలాగే ఉండిపోయింది. కేక వేయలేక, చాలా ఏళ్ళు అక్క వీధుల్లో గాజులు గలగలలాడిస్తూ తిరిగింది. నల్లమ్మ కూడా పిలిచి తొడిగించుకుంది. ధర్మవరం వైపు పోయినప్పుడల్లా అతని కోసం వాకబు చేసేది, జాడ దొరకలేదు. ఎవరైనా చేతులు తిమ్మిరిగా ఉన్నాయంటే బాగుపడిన తన చేతులు చూపించేది కాదు. గంప దించి, ముందు కుళ్ళాయప్ప సంగతి చెప్పేది. అక్క పోయింది. ఇప్పుడు అడిగినవాళ్ళకు నేను చెబుతున్నాను.