ఓస్బెర్న్ అయిదో ఊరు

మా ఆయన ఆల్విన్ ప్రీస్ పోయి మొన్న ఫిబ్రవరికి ఏడాది దాటింది. చర్చి పత్రికలో వేయడానికి ఆయన గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని పాస్టరు గారు అప్పుడే అడిగారు. ఎక్కడ పుట్టాడు, ఏం పని చేశాడు, ఎవరిని వదిలిపోయాడు, అంతే. అది రాద్దామని కూర్చుంటే ఇంత అయింది. నేను పద్నాలుగో ఏట బడి మానేసినదాన్ని. తప్పులుంటే దిద్దుకోండి. పేర్లు మాత్రం తీసేయకండి.

ఆయన పని కంచెలు వేయడం. మా మార్ల్‌హోప్‌లో పొలానికీ పొలానికీ మధ్య ఉండేవి పచ్చకంచెలే. ఆకు రాలాక, పెరిగిపోయిన ఒక్కొక్క కాండాన్నీ మొదలు దగ్గర మచ్చుకత్తితో ముప్పాతిక వంతు నరికి, తక్కిన పాయ తెగకుండా పక్కకు పడుకోబెట్టి గుంజల మధ్య అల్లుతారు. మిగిలిన ఆ పాయ మీదే చెట్టు బతికి వసంతంలో చిగురేస్తుంది. నవంబరు నుంచి మార్చి దాకా సాయంత్రం పూట ఆయన అరచేతులు నా ఒళ్ళో ఉండేవి. కుట్టుసూదితో ముళ్ళు తీసేదాన్ని. మా కాపురంలో ఎక్కువ మాటలు అప్పుడే సాగాయి.

ఓస్బెర్న్ పిచ్చి ఆయనకు ఏడేళ్ళప్పుడు పట్టింది. మే నెలలో మా ఊరి పొలిమేర నడక రోజున పాస్టరు ముందు, ఊరంతా వెనక. ఒక్కో హద్దురాయి దగ్గర ఒక్కో పిల్లవాణ్ణి తలకిందులుగా ఎత్తి, నెత్తి రాయికి తాకించి దించుతారు. నొప్పి తగిలిన చోటు చచ్చేదాకా మరిచిపోరని పెద్దల నమ్మకం. ఆల్విన్ వంతుకు ఓస్బెర్న్ రాయి వచ్చింది. నెత్తి రుద్దుకుంటూ, "ఓస్బెర్న్ ఎవరు?" అని అడిగాడట. ఎవరికీ తెలియదు. "ఎవడో పాతకాలం దొరలే, నోర్మూసుకుని నడువ్" అన్నాడట వాళ్ళ నాన్న.

ముప్ఫై మూడో ఏట ఆ ప్రశ్న మళ్ళీ లేచింది. అప్పటికి మా పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లలు పుట్టరని డాక్టరు తేల్చేశాక వచ్చిన చలికాలం అది. శనివారాలు బస్సెక్కి హెరిఫర్డ్‌లో పాత దస్తావేజులుండే ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాడు. అవన్నీ లాటిన్‌లో ఉంటాయి. అప్పటి పాస్టరు గారి చెల్లెలు మిస్ ఆంఫ్లెట్ తోట కంచె ఊరికే కత్తిరించి పెట్టి, ఆవిడ దగ్గర లాటిన్ నేర్చుకున్నాడు. చేతికి అంటిన మట్టి పుస్తకాలకు అంటకుండా ఆవిడ ఆయనకొక జత చేతొడుగులు అల్లిచ్చింది.

ఓస్బెర్న్ అనేవాడు సముద్రం దాటి వచ్చి మా దేశాన్ని గెలిచిన నార్మన్ రాజు వెంట వచ్చినవాడు. ఇరవై ఏళ్ళ తరవాత ఆ రాజు ఎవరికెంత నేల ఉందో ఊరూరా రాయించాడు. అందులో ఓస్బెర్న్ పేరు కింద మా వైపు అయిదు ఊళ్ళున్నాయి. నాలుగు ఇప్పటికీ ఉన్నాయి, మాది ఒకటి. అయిదోది విస్టెట్. రెండు నాగళ్ళ నేల, ఒక నీటి మర, ఆరు కొంపలు, కాస్త అడవి. ఆ తరవాత ఏ కాగితంలోనూ దాని ఊసు లేదు. ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు.

ఓస్బెర్న్ పిల్లలూ మనవలూ మా వంటింట్లో నాకు చుట్టాలైపోయారు. ఒక శనివారం ఆయన బస్సు దిగి వచ్చి కోటైనా విప్పకుండా, "హ్యూ కొడుకు ఏట్లో పడి పోయాడు, పిల్లా" అన్నాడు.

"అయ్యో, ఏ హ్యూ?"

"ఓస్బెర్న్ కొడుకు హ్యూ. ఆ హ్యూకి ఒక్కగానొక్క మగపిల్లాడు. నేలంతా ఇద్దరు అక్కచెల్లెళ్ళకు చెరిసగం అయింది. అక్కణ్ణుంచి చీలికలు పేలికలు."

"ఎప్పుడు పోయాడు?"

"ఎనిమిది వందల ఏళ్ళు దాటింది."

"అయితే కోటు విప్పి సూపు తాగు. ఆ అబ్బాయి కోసం చల్లారబెట్టక్కర్లేదు."

నవ్వాడు. కానీ ఆ పూట సగమే తాగాడు.

నోటుబుక్కులు పెరిగాయి. పదకొండు. పెన్సిలుతో, ముల్లు గుచ్చినట్టు నొక్కి రాసేవాడు. వెనక పేజీలో వేలు పెడితే అక్షరం తగిలేది.

వానలే లేని ఆ డెబ్భై ఆరు వేసవిలో, ఆగస్టులో, ఒకనాడు మధ్యాహ్నం తిండికి ఇంటికి రాలేదు. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"దొరికింది."

"ఏది?"

"విస్టెట్. గడ్డి ఎండిపోయింది కదా, అడుగున గోడలున్న మేర ఇంకా తెల్లగా మాడింది. ఆరు ఇళ్ళు, పిల్లా. ఆరూ లెక్కపెట్టా. మర కాలవ కూడా తెలుస్తోంది."

"ఎక్కడ?"

"చెప్పను. నడిపించి చూపిస్తా. ముందు కాగితంలో ఇంకొక్క రుజువు దొరకనీ."

ఆ చోటు నోటుబుక్కుల్లోనూ రాయలేదు. ముందు నాకు చూపించాకే రాస్తానన్నాడు. ఆ రుజువు కోసం ఏళ్ళు గడిచాయి.

ఈలోగా లాత్‌బరీ మాస్టారు వచ్చారు. పట్నంలో పెద్ద బడిలో చరిత్ర చెప్పి, రిటైరై మా ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నారు. ప్రతి గురువారం టీకి వచ్చేవారు. షాజీరా వేసి నేను చేసే కేకంటే ఇష్టం. మూడు ముక్కలు తిని నాలుగోది జేబురుమాల్లో చుట్టుకునేవారు. చదువుకున్న మనిషి ఒకరు ఆల్విన్‌ని సరిసమానంగా కూర్చోబెట్టి మాట్లాడటం నేను మొదటిసారి చూశాను. ఆయన ముందు మా ఆయన భుజాలు నిటారుగా ఉండేవి. అది చూడ్డానికే నేను కేకు చేసేదాన్ని.

"మనిద్దరం కలిసి పుస్తకం వేద్దాం ప్రీస్. ముందు నీ పేరు, తరవాత నాది" అనేవారు మాస్టారు.

"నోటుబుక్కులు మాత్రం ఇల్లు దాటవు మాస్టారూ. ఇక్కడే కూర్చుని రాసుకోండి" అనేవాడు ఈయన.

ఎనభై రెండు ఫిబ్రవరిలో, ఆయన కంచె పనికి పోయిన ఒక పూట, గురువారం కాకపోయినా మాస్టారు వచ్చారు.

"మిసెస్ ప్రీస్, ఒక్క నెల ఇవ్వండి. టైపు చేయించి తెచ్చేస్తాను."

"ఆయన్ని అడగాలండి."

"అడిగితే ఏమంటాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చేత్తో పుస్తకం తయారయ్యేసరికి మనం ముగ్గురం చర్చి వెనక మట్టిలో ఉంటాం. అట్ట మీద ఆయన పేరు చూడాలని మీకు లేదూ?"

ఉంది. నాకు ఆ ఒక్కటే ఉంది. బొంతలు దాచే పెట్టెలోంచి పదకొండూ తీసి, వానకు తడవకుండా నా ఏప్రనులో చుట్టి ఇచ్చాను.

సాయంత్రం ముల్లు తీస్తూ చెప్పాను. చెయ్యి వెనక్కి లాక్కోలేదు గానీ బిగుసుకుంది. "ఇచ్చేశావు కదా, సరే" అన్నాడు. తరవాత నా మీద జాలిపడ్డట్టు, "అయిదో ఊరు వాటిలో లేదులే. అచ్చుకు వెళ్ళేముందు మాస్టారు దానికోసం అడగాల్సిందే. పుస్తకం వచ్చిన ఏడు, మే నడక అయిపోయాక, నిన్ను తీసుకెళ్తా" అన్నాడు.

నెల పద్నాలుగు నెలలైంది. మాస్టారు గురువారాలు రావడం తగ్గించారు. అయిదో ఊరి గురించి అడగనేలేదు.

ఎనభై మూడు మే, పొలిమేర నడక ఆదివారం. చర్చి హాల్లో పుస్తకం విడుదల. ఆల్విన్ పెళ్ళినాటి సూటు వేసుకున్నాడు, నడుం దగ్గర నేను వదులు చేశాను. బల్ల మీద పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. అట్ట మీద ఒకటే పేరు. మాస్టారిది.

లోపల ఉంటుందేమో అనుకున్నాను. పేజీలు తిప్పాను. చివర కృతజ్ఞతల్లో ఉంది: పొలాల వెంట తిరిగే పనిలో సాయపడిన స్థానిక కంచె కూలీకి, రుచికరమైన కేకులు పెట్టిన మిసెస్ హెస్టర్ ప్రీస్‌కు. కేకుకు నా పేరు రాశారు. పాతికేళ్ళ శ్రమకు ఆయన పేరు రాయలేదు. ఆయన నా భుజం మీదుగా అది చదివాడు. నేను పుస్తకం మూసేలోపే చదివేశాడు.

తరవాత నడక. మాస్టారే ముందు. గ్రేంజ్ పొలం దగ్గర ఒక కంచె ముందు ఆగి, చేతికర్ర ఎత్తారు.

"ముప్ఫై గజాల కంచెలో ఎన్ని రకాల చెట్లుంటే అన్ని వందల ఏళ్ళ వయసు. ఇక్కడ ఎనిమిది రకాలున్నాయి. లెక్కపెట్టుకోండి. ఎనిమిది వందల ఏళ్ళు! ఇదే ఓస్బెర్న్ అయిదో ఊరి హద్దు. దీని లోపలే విస్టెట్."

జనం చప్పట్లు కొట్టారు. మా ఊరి పాతవాళ్ళు కొట్టలేదు. ఆ కంచె ఆల్విన్ తొమ్మిదో ఏట వాళ్ళ నాన్నతో కలిసి నాటింది. యజమాని మొక్కలు కొనివ్వనంటే, అడవి అంచున ఏది దొరికితే అది పీక్కొచ్చి నాటారు. అందుకే ఎనిమిది రకాలు.

పక్కింటి బఫ్టన్ ఊరుకునే మనిషి కాదు. "ఓరి ఆల్విన్! మీ నాన్న ఎనిమిది వందల ఏళ్ళు బతికాడని మాకెప్పుడూ చెప్పలేదేంరా? పుట్టినరోజుకైనా పిలవాల్సింది!"

పాతవాళ్ళంతా పకపక నవ్వారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "ప్రీస్, నీకేమన్నా చెప్పాలనుందా?" అని అడిగారు. ఊళ్ళో అంతమంది ముందు ఆయన్ని ఒకరు అడగడం అదే మొదటిసారి.

"లేదండి" అన్నాడు ఆల్విన్.

మాస్టారు మొహం తిప్పుకుని ముందుకు నడిచారు. ఆల్విన్ వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు. నేను వెంట వెళ్ళాను. అయిదో ఊరి వైపు కాదు, తిన్నగా ఇంటికే.

మర్నాడు ఎవరో నోటుబుక్కుల అట్టపెట్టె మా గుమ్మంలో పెట్టి వెళ్ళారు. ఆయన నాలుగో పుస్తకం తెరిచాడు. అందులో గ్రేంజ్ కంచె బొమ్మ ఉంది. చెట్ల పేర్లన్నీ ఉన్నాయి. కింద తెల్లగా ఉంది.

"ఇక్కడ వేలు పెట్టు" అన్నాడు.

పెట్టాను. రబ్బరుతో చెరిపేసిన చోట పెన్సిలు గాడి ఇంకా ఉంది. వేలితో నెమ్మదిగా తడుముతూ చదివాను: *ఇది నాన్న, నేను నాటింది. లెక్కను నమ్మొద్దు.*

మాస్టారిది పొరపాటు కాదు. తెలిసే చేశారు. అయిదో ఊరు దొరకలేదని రాయడం కన్నా, ఆల్విన్ గుమ్మం తొక్కి అడగడం కన్నా, ఒక్క పంక్తి చెరపడం ఆయనకు సుళువైంది. ఆ రబ్బరు ఆయన చేతికి అందించింది నేను.

క్షమించమని అడిగాను. "నిన్నేమన్నా అన్నానా?" అన్నాడు. అనలేదు. తొమ్మిదేళ్ళు ఏమీ అనలేదు. నా చేతి వంట తిన్నాడు, నా పక్కన పడుకున్నాడు. చలికాలం ముళ్ళు మాత్రం తనే పళ్ళతో పీక్కునేవాడు. విస్టెట్ పేరు మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు. నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? ఆయన మనసు కరిగిన రోజున తనే చెబుతాడని, ప్రతి మే నెలలో ఆయన బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టేదాన్ని.

ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. సమాధి అయ్యాక చర్చి హాల్లో టీ ఇచ్చారు. కేకు నేను చేయలేదు. బఫ్టన్ కప్పు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"హెస్టర్, ఆ చోటు నాకు తెలుసు."

"ఏ చోటు?"

"ఆ అయిదో ఊరు. రెండేళ్ళ కిందట తీసుకెళ్ళాడు. నన్ను, ఈ వయసులో, అక్కడి రాయికి నెత్తి తాకించమన్నాడు. తాకించుకున్నా. నవ్వకు."

నేను నవ్వడం లేదు.

"నీకు చెప్పమన్నాడా?" అన్నాను.

"నువ్వు అడిగితే చెప్పమన్నాడు. నీ అంతట నువ్వు అడిగితేనే. 'మాస్టారూ అడగలేదు, ఇదీ అడగలేదు' అన్నాడు." కప్పు కింద పెట్టాడు. "అడగొచ్చు కదా అమ్మాయ్, అన్నేళ్ళు? ఇంతకీ రేపు ఎండ కాస్తే తీసుకెళ్ళనా? ఎంతో దూరం లేదు."

నా బల్ల దగ్గర కూర్చుని తొమ్మిదేళ్ళు నా నోటివైపు చూశాడన్నమాట. నేను ఆయన నోటివైపు చూశాను. చివరికి పట్టుకెళ్ళి బఫ్టన్‌కు ఇచ్చాడు. నాతో నడుస్తానన్న నడక, ఆ నోటి దురుసు బఫ్టన్‌తో నడిచాడు. ఆ ఒక్కటి మాత్రం నేను దిగమింగలేకపోయాను. ఏడవలేదు కూడా.

"వద్దు బఫ్టన్" అన్నాను.

"మంకుపట్టా?"

"ఆయన చూపిస్తానన్నాడు."

బఫ్టన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మాస్టారి పుస్తకం ఇప్పటికీ చర్చి ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. వచ్చిపోయేవాళ్ళు అది పట్టుకుని గ్రేంజ్ కంచె దగ్గర ఫోటోలు దిగుతున్నారు. నోటుబుక్కులు పదకొండూ మా బొంతల పెట్టెలోనే ఉన్నాయి. ఎవరైనా చూడాలంటే మా వంటింట్లోనే కూర్చుని చూడాలి.

పాస్టరు గారూ, మీరడిగిన నాలుగు ముక్కలు ఇవి. ఆల్విన్ ప్రీస్. పంతొమ్మిది వందల ఇరవై అయిదులో ఈ ఊళ్ళోనే పుట్టాడు. కంచెలు వేశాడు. ఓస్బెర్న్ అయిదో ఊరు కనిపెట్టింది ఆయనే. ఎక్కడని నన్ను అడగకండి. నాకు చెప్పలేదు.