టర్నర్ గారి ఇంటిపేరు

ఆ రోజుల్లో నందిగామలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడెవడైనా సగం అమెరికాలో ఉన్నట్టే లెక్క. పదో తరగతి మధ్యలో బడికీ నాకూ చెల్లిపోయాక, ఎరువుల కొట్టు మేడమీద డేటా ఎంట్రీ సెంటర్ నడిపే మా బాబాయి నన్ను ఓ కుర్చీలో కూలేశాడు. (దానికి ఒక చెయ్యి లేదు, నాకు ఇంగ్లీషు లేదు. సరిపోయింది.) జగ్గయ్యపేటలో అమ్మ "మావాడు అమెరికా పని చేస్తున్నాడండీ" అని వీధంతా చెప్పుకుంటుంటే, నాన్న మాత్రం "ఈ మొదటి పని కుదిరితే కుర్చీ, లేకపోతే మీ మావయ్య సిమెంటు లారీ మీద క్లీనరు. ఆపైన నన్నడక్కు" అని తేల్చేశాడు.

ఆ మొదటి పని అమెరికాలో ఒక పెద్దాయనది. ఆయన ముత్తాత శామ్యూల్ టర్నర్ పంతొమ్మిదో శతాబ్దంలో పెళ్లాం పిల్లల్ని గుడ్డ కప్పిన ఎడ్లబండి ఎక్కించుకుని పడమటికి పోయి, అడవి కొట్టుకుని స్థిరపడ్డాడట. (అప్పటికే అక్కడున్నవాళ్లని అడిగాడో లేదో ఎవరూ రాసిపెట్టలేదు.) సమాధిరాళ్ల ఫోటోలు, పాత కాగితాలు పంపి, అందులోంచి ఆ ఇంటివాళ్లని ఏరి వంశవృక్షం గీసిపెట్టమన్నాడు.

ఏరడం ఎంతసేపు! ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. అంటే వీళ్లు శామ్యూల్ వారు. శామ్యూల్ బ్రౌన్, శామ్యూల్ క్లార్క్, శామ్యూల్ కుక్, దొరికినవాళ్లందర్నీ అన్నదమ్ముల్ని చేసి ఒకే కొమ్మకి వేలాడదీశాను. మేరీ టర్నర్, థామస్ టర్నర్, హెన్రీ టర్నర్ కూడా కనబడ్డారుగానీ, ఇంటిపేరు కలవలేదని అవతల పెట్టాను.

"బాబాయ్, ఆ ఊళ్లో ఆడా మగా అందరూ టర్నర్లేంటి? పిలిస్తే ఎవరు పలుకుతారు?"

"తాత పేరు పెట్టుకునుంటార్రా. మనూళ్లో కోటేశ్వరరావులు ఎంతమంది లేరు? నువ్వు కానీ," అన్నాడు డిగ్రీ చదివిన బాబాయి.

పంపిన మర్నాడే పెద్దాయన వీడియోలో కనబడ్డాడు. ఆయన అడిగేవి బాబాయి నాకు తెలుగులో చెబుతున్నాడు.

"వాళ్ల తాత హెన్రీ ఏడీ అంటున్నాడ్రా."

"వాళ్లది వేరే ఇంటిపేరని చెప్పు బాబాయ్."

"మరి నేను రాబర్ట్ టర్నర్ని కదా, నేనెక్కడున్నానంటున్నాడు."

"ఆయన రాబర్ట్ వారు కదా! శామ్యూల్ వారి నుంచి దత్తత పోయారేమో కనుక్కో."

బాబాయి కనుక్కున్నాడు. (డిగ్రీ!) పెద్దాయన ఎంతకీ కదల్లేదు, నెట్ ఆగిపోయిందనుకున్నాం. చివరికి ఇది చేసిందెవరని అడిగితే, ఇంటిపేరు ముందు పెట్టి నా పేరు గర్వంగా చెప్పాను.

"థాంక్యూ, పుచ్చకాయలా," అన్నాడాయన.

"అదేంటి బాబాయ్, నన్నొక్కణ్ణీ పిలవక ఇంటిల్లిపాదినీ పిలుస్తాడు?"

బాబాయి మొహం పాలిపోయింది. "ఒరేయ్, వాళ్లకి ఇంటిపేరు చివర్లో ఉంటుందిరా!"

పెద్దాయన మర్యాదస్తుడు, ఒక్క మాట అనలేదు. పని మాత్రం ఇంకెవరికో ఇచ్చాడు. ఆ వారమే నేను మావయ్య లారీ ఎక్కాను. "మావాడికి ట్రాన్స్‌ఫరైందండీ" అని అమ్మ వీధిలో చెప్పుకుంది.

ఇప్పుడు నాకూ ఒక సొంత లారీ ఉంది. చందర్లపాడులో మా పెదనాన్న కొడుకులు గట్టు తగాదా పెట్టుకుని, వాడు నాకేమీ కాడంటే వాడు నాకేమీ కాడని అరుచుకుంటుంటే, సర్దిచెప్పడానికి నన్ను పిలుస్తారు. వింటూ కూర్చున్నప్పుడు ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఏ ఆస్తీ ఆశించకుండా, ముక్కూ మొహం తెలియని ఓ ముసలాయనకి అంతమంది చుట్టాల్ని ధారపోసినవాడు మా వంశంలో ఆ కుర్రాడొక్కడే.