రాగి పట్టీ మీద మర

నేవీలో పదిహేనేళ్ళు పనిచేసి వచ్చానని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఏం పని చేశానో మాత్రం ఎవరికీ తెలియదు. నేను వంటవాణ్ణి. కానీ అంతర్వేది రేవులో సాయంత్రం పూట పదిమంది చెవులప్పగించి కూర్చుంటే సాంబారు కథ ఎవరు చెబుతారు? ఫిరంగి గుండ్ల కథలు చెప్పేవాణ్ణి. అందరికంటే శ్రద్ధగా వినేది మా బామ్మర్ది. పడవ ఇంజన్ల మెకానిక్కు. ఎక్కడైనా మర కనిపిస్తే తిప్పకుండా ఉండలేడు.

ఆరోజు మధ్యాహ్నం మా ఆవిడ చేపల పులుసు గిన్నె నా చేతిలో పెట్టింది. "ఏవండీ, తమ్ముడు పొద్దుట్నుంచీ షెడ్డులోంచి కదల్లేదు. కాస్త ఇచ్చి రండి" అంది. షెడ్డు మా ఇంటి వెనకే.

లోపల బల్లకి బిగించిన వైసు దవడల మధ్య మూరెడు పొడవు ఇనప గుండు ఉంది. ఒక కొస సూదిగా ఉంది. ఎప్పుడో యుద్ధంలో మునిగిన ఓడ ఒకటి మా తీరానికి దూరంగా సముద్రం అడుగున ఉంది. అక్కడ వలలు చిక్కుకోవడం మామూలే. ఈసారి వలతో పాటు ఇది కూడా పైకొచ్చింది. మా బామ్మర్ది వైరు బ్రష్షుతో తుప్పంతా గీకేశాడు. అడుగు భాగంలో రెండు వేళ్ళ వెడల్పు రాగి పట్టీ మెరుస్తోంది. దాని చుట్టూ ఏటవాలుగా గీతలు.

"సరిగ్గా టైముకొచ్చారు బావగారూ! ఇదిగో మర, చూశారా? ఇది మూతండి. ఒక పట్టు పట్టాను, కదల్లేదు. అందుకే బలం చాలాలని రెంచీ పిడికి పైపు తొడిగాను."

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. గుండ్ల గురించి నాకు నిజంగా తెలిసింది ఒక్కటే. అది కూడా చపాతీలు వడ్డిస్తుంటే వరసలో నిలబడ్డ ఫిరంగివాడు పక్కవాడితో అంటుండగా విన్నది. గుండు ఫిరంగి గొట్టంలోంచి దూసుకుపోయేటప్పుడు రాగి పట్టీ మీద ఏటవాలు గీతలు పడతాయట. గీతలు లేకపోతే అది పేల్చని గుండు. గీతలుంటే పేల్చినది. పేల్చినా పేలకుండా ఆగిపోయినదాని జోలికి ఎవరూ వెళ్ళకూడదని కూడా అన్నాడతను.

"తిప్పకురా" అన్నాను.

అతను నవ్వాడు. "మీరే భయపడితే ఎలాగండీ? మీరు రోజూ ఇలాంటివి విప్పి, తుడిచి, నూనె రాసి మళ్ళీ బిగించేవారు కదా. ఎడం పక్కకి తిప్పాలని చెప్పింది కూడా మీరే."

చెప్పాను. సోడా సీసా పట్టుకుని అభినయించి మరీ చూపించాను. అది బాంబని అతనికి తెలియక కాదు. బాంబుని విప్పొచ్చని నేను చెబితే నమ్మాడు. నమ్మి, పైపు రెండు చేతులా పట్టుకుని బరువంతా దాని మీద వేశాడు. రెంచీ కిర్రుమంది.

"నేను విప్పలేదురా!" అని అరిచాను. "ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. నేను వంటవాణ్ణి. పదిహేనేళ్ళూ వంటే చేశాను. నీకు చెప్పినవన్నీ కోతలు!"

గిన్నె ఎప్పుడు వదిలేశానో తెలియదు. వేడి పులుసు పాదాల మీద పడిందన్న సంగతి కూడా తర్వాతే తెలిసింది. అతను నా మొహం చూశాడు. కింద ఒలికిన పులుసు చూశాడు. పైపు మీద నుంచి ఒక్కో వేలూ తీసి, వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చాడు. మా ఆవిణ్ణి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని ఇసక మేట అవతలికి పరుగెత్తించాం. పోలీసులకి ఫోన్ అతనే చేశాడు.

పొద్దు వాలే వేళకి బాంబు స్క్వాడ్ వచ్చింది. వాళ్ళలో పెద్దాయన ఒక్కడే షెడ్డులోకి వెళ్ళి, చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చి మా బామ్మర్ది ముందు నిలబడ్డాడు.

"లోపల పేలుడు మందు అలాగే ఉంది. అది మర కాదు, ఫిరంగి గొట్టం పెట్టిన గీతలు. దానికి రెంచీ వేశావేంటయ్యా? అది విప్పొచ్చని నీకెవరు చెప్పారు?"

ఊరంతా అక్కడే ఉంది. మా ఆవిడ నా పక్కనే ఉంది. షెడ్డులో కంటే ఎక్కువ భయం వేసింది.

మా బామ్మర్ది నావైపు చూడలేదు. "ఎవరూ చెప్పలేదండి" అన్నాడు. "నా అంతట నేనే."