గన్నక్క, ఉలి గీతలు

రంగు కొట్టే గన్ను కొన్న రోజు నుంచి ఆమె వీధిలో అందరికీ గన్నక్కే. ఆ పిలుపు ఆమెకు ముద్దే.

పేచీ అంతా మామగారితోనే. వీధి చివరి పాత మేడ కిటికీ రెక్కలకు ఇన్నాళ్లూ బ్రష్షుతో రంగు వేసింది ఆయన. చెయ్యి వణకడం మొదలయ్యాక ఇళ్లకు రంగులేసే పని కోడలికి అప్పగించాడు కానీ, గన్ను మాత్రం ఆయనకు మింగుడు పడలేదు.

"ఒక్క చుక్క కారినా దాన్ని కొట్లో తిరిగిచ్చేసి, బుద్ధిగా బ్రష్షు పట్టుకోవాలి" అన్నాడు.

"కారితే కదా మామయ్యా" అందామె.

ఆయన పెరట్లో నీడన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తప్పు దొరక్కపోతుందా అని. ఆమె రెక్కలన్నీ ఊడదీసి, పాత రంగు గీకి, తీగకు వేలాడదీసింది. గన్ను జానెడు దూరంలో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా ఊపింది. బ్రష్షుకు చుక్కలు చూపించే అడ్డపలకల సందులు కూడా ఇట్టే అయిపోయాయి. ఎక్కడైనా కారితే ఒట్టు.

వంటింటి జత ఒక్కటే మిగిలింది. ఈలోగా ఆరినవి బిగిద్దామని పట్టుకెళ్తే ఒక్కటీ కిటికీలో ఇమడలేదు. ఏ కిటికీ కొలతకు ఆ రెక్కనే చిత్రిక పట్టిన ఇల్లది. ఏది ఎక్కడిదో చెప్పే ఉలి గీతలు బందులు బిగించే అంచున ఉంటాయి. బ్రష్షుతో వేసేవాళ్లు ఆ అంచు జోలికి పోరు. గన్ను దాన్నీ వదల్లేదు.

దాచి లాభం లేదనుకుంది. "మామయ్యా, గీతలమీద కూడా కొట్టేశాను. కంటికి ఆనడం లేదు."

ఎగతాళి చేస్తాడనుకుంది. ఆయన లేచి వచ్చి, కళ్లు మూసుకుని, అంచుమీద బొటనవేలు పోనిచ్చాడు. "ఇది పడకగదిది. ఇది మెట్ల పక్కది. గీసింది నేనే కదమ్మా, నా వేలికి తెలియవా?"

సాయంత్రానికి, వంటింటివి తప్ప రెక్కలన్నీ వాటి చోట్లకు చేరాయి. ఆయన గన్నుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"చుక్కయితే కారలేదు" అని ఒప్పుకున్నాడు. "వంటింటివి నేను కొట్టనా? చెయ్యి వణుకుతుందనుకో" అన్నాడు.

ఆమె గన్ను ఆయన చేతిలో పెట్టింది. "ఆపకుండా ఊపండి, అంతే."

చెయ్యి వణుకుతూనే ఉంది. రెండు రెక్కలూ పూర్తి చేశాక ఆయన మొహం దగ్గరగా పెట్టి, పలక పలకా వెతికాడు. తన వణుకు రంగులో ఎక్కడా లేదు.

"రేపు పనెక్కడమ్మా?" అన్నాడు.