అత్త పెట్టిన మూడు రోజుల అన్నం

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్న, మా భిలాయిలోనే ఉన్న రిసాలి నుంచి ఫోను. మా మేనత్త పోయింది. గుమ్మంలో పాలప్యాకెట్టు అలాగే ఉండిపోవడం చూసి పక్క క్వార్టరువాళ్ళు తలుపు కొట్టారట. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదని అందరూ అన్నారు. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. ఇబ్బంది పెట్టడానికి దగ్గర ఎవరున్నారు కనుక?

అత్త డాక్టరు. పెళ్ళి చేసుకోలేదు. నాన్న ఉక్కు ప్లాంటు ఉద్యోగానికి విజయనగరం నుంచి భిలాయి వస్తే, వెనకాలే తనూ వచ్చింది. జబ్బు ముదిరాక మందిచ్చే డాక్టర్లు చాలామందే ఉంటారు. మా అత్తకి మాత్రం దాని మొదలు కావాలి. పెద్దయ్యాక వచ్చే షుగరు అసలు ఎప్పుడు, ఎలా మొదలవుతుందన్నదే ఆవిడ పరిశోధన. అమ్మకో నాన్నకో షుగరు ఉండి, తమకింకా రానివాళ్ళని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చింది. ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 1 సందుల్లో ఆవిడకు తెలియని ఇల్లు లేదు.

"రక్తంలో షుగరు కనిపించడం ఆఖరి కబురే. అంతకు ముందు ఎన్నేళ్ళో లోపల ఓవర్‌టైం నడుస్తాది. ఇన్సులిన్ ఎక్కువెక్కువ తయారవుతాది, పైకి అంతా బాగానే ఉంటాది. ఆ ఓవర్‌టైం నాకు కనబడాల" అనేది. ప్లాంటువాళ్ళకి ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు!

పరగడుపున గ్లూకోజు నీళ్ళు తాగి, రెండు గంటలు కూర్చుని రక్తమివ్వాలి. మావాళ్ళు దాన్ని బోర్డు పరీక్షనుకుని, పాసవ్వాలని మూడు రోజుల ముందు నుంచే అన్నం మానేసేవారు. అన్నం మానిన ఒంటికి ఒక్కసారిగా గ్లూకోజు తగిలితే అంకె తగ్గకపోగా పెరుగుతుంది. అందుకని అత్త ఇంటింటికీ తిరిగి, "భయ్యా, తీన్ దిన్ పేట్ భర్ భాత్ ఖావో" అని బతిమాలేది. షుగరు డాక్టరు మూడు రోజులు కడుపునిండా అన్నం తినమనడం ఆ సందుల్లో పెద్ద వింత.

అన్నీ తెలిసిన మేనకోడల్ని, నేనూ అదే పని చేశాను. నాన్న షుగరుతోనే పోయారు. నలభై రాగానే నాకు భయం పట్టుకుంది. మూడు రోజులు దోసకాయ ముక్కలతో గడిపి వెళ్ళాను. అంకె ఎక్కువొచ్చింది.

"ఏటే, అన్నం మానేసినావేటి?"

"లేదత్తా, తిన్నాను."

నా మొహంలోకి చూసింది. "అయితే మళ్ళీ చేద్దాం. ఈ మూడ్రోజులూ నా దగ్గరే తిను."

ఆఫీసు నుంచి నేరుగా రిసాలి వెళ్ళేదాన్ని. వంకాయ కూర, చారు, గట్టి పెరుగు. తను నాలుగు ముద్దలు తిని, నేను తినేది చూస్తూ నాన్న చిన్నప్పటి అల్లరంతా చెప్పేది. మూడో రోజు నేను చెయ్యి కడుక్కుంటుంటే, "ఈ ఇంట్లో రెండు కంచాలు పెట్టి చాన్నాళ్ళయిందే" అంది. నవ్వుతూనే అంది.

ఈసారి అంకె బాగానే వచ్చింది. నా అబద్ధం అత్తకి తెలిసిపోయే ఉంటుంది. అడగలేదు, నేనూ చెప్పలేదు. గండం గడిచిందనుకుని వెళ్ళడం మానేశాను. ఏటా ఫోను చేసేది: "పరీక్షకి వేళయింది. మూడ్రోజులు ముందొచ్చీ." పనుందత్తా అనేదాన్ని. నాలుగేళ్ళు అదే అన్నాను. ఆవిడ పిలుస్తున్నది ఒక్క పరీక్షకే కాదని నాకు తెలుసు. తెలిసే వెళ్ళలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కార్యక్రమాలన్నీ అయ్యాక, మూడు రోజులు బుద్ధిగా అన్నం వండుకుని తిన్నాను. నేనూ ఒక్కదాన్నే ఉంటాను. నాలుగో రోజు పొద్దున్న ఒక ల్యాబుకి వెళ్ళి గ్లూకోజు నీళ్ళు తాగాను. కౌంటర్లో అమ్మాయి పేరు రాసుకుని, "దీదీ, సాథ్ మే కోయీ హై?" అని అడిగింది. కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి తోడెవరైనా వచ్చారా అని.

"కోయీ నహీ" అన్నాను.

గోడ వారగా ఐదు కుర్చీలున్నాయి. చివరి దాంట్లో కూర్చుని, నా సంచి పక్క కుర్చీలో పెట్టాను. ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని కాసేపటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. రెండు గంటలూ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.